జానెడు ఎడం, మూరెడు ఎడం

కర్నూలు నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు కాబట్టి కొన్ని వివరాలు తగ్గించి సారాంశం చెబుతాను.

ఆమె వయసు నలభై. బడిలో పాఠాలు చెబుతారు. ఊరి చివర కాలనీలో రెండేళ్ల క్రితం ఇల్లు కట్టుకున్నారు. పత్తికొండ వైపు పల్లెలో వ్యవసాయం చేసిన మామగారు ఈ ఏడాది మొదట్లో కాలం చేశారు. పొలం కౌలుకిచ్చి అత్తగారిని తమ దగ్గరకు తెచ్చుకున్నారు. ఆవిడ వెంట తెచ్చుకున్న సామానులో బూడిద కలిపి కట్టిన చిన్న గుడ్డమూట ఒకటి ఉంది. అందులో మామగారు తీసి దాచిన నాటు టమాట గింజలు. సెప్టెంబరులో ఆవిడ వాటన్నిటినీ ఒక పాత తొట్టిలో చల్లారు. మొలుస్తాయో లేదో అనుకున్నవి దాదాపు అన్నీ మొలిచాయి. అక్టోబరు మొదటి వారంలో పెరట్లోని పది అడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు మడిలో ఆరు సాళ్లు, సాలుకు పన్నెండు చొప్పున 72 మొక్కలు నాటారు. మొక్కకూ మొక్కకూ జానెడు, సాలుకూ సాలుకూ జానెడు. "మా పొలంలో మూరెడు ఎడం పెట్టేవాళ్లం. ఇక్కడ చోటేదీ?" అన్నారట నాటుతూ.

నవంబరు చివరికి మడి అడవిలా అల్లుకుపోయింది. మొక్కలు సన్నగా, పొడుగ్గా సాగాయి. పూత వస్తోంది, రాలిపోతోంది. కింది ఆకులు పండుబారి, గోధుమరంగు మచ్చలు పడ్డాయి. అయిదు మొక్కల చివుళ్లు పైకి ముడుచుకుని గిడసబారాయి. అత్తగారు రోజూ సాయంత్రం గొట్టంతో మొక్కల తల మీద నుంచి నీళ్లు పోస్తారు. సగం తీసేద్దామని ఈ సోదరి మూడుసార్లు అడిగారు. "ప్రాణమున్న మొక్కను పీకుతారా?" అన్నదే ప్రతిసారీ జవాబు. భర్తేమో మీ ఇద్దరి మధ్యకు నన్ను లాగవద్దన్నారు.

ఒక ఆదివారం అత్తగారు గుడికి వెళ్లిన సమయంలో ఆమె గోడవైపున్న ఆరో సాలు మొత్తం, పన్నెండు మొక్కలు, పీకి చెత్తబండిలో వేసేశారు. అత్తగారు వచ్చి చూశారు. ఒక్క మాట అనలేదు. గేటు దగ్గర జారిపడిన రెండు మొక్కలను ఏరుకొచ్చి కుండీలో నాటారు. అవి రెండు రోజుల్లో వాడి చనిపోయాయి. మడిలో మిగిలిన పక్క సాలు కూడా ఆ రెండు రోజులూ తలలు వేలాడేసి, తరువాత కోలుకుంది. పదకొండు రోజులుగా కోడలితో ఆవిడకు మాటల్లేవు.

"మొక్కల దూరం విషయంలో నేను చెప్పిందే సరైనదని మీరు రాస్తే అది ఆమెకు చూపిస్తాను. ఆ పెరట్లో మల్లెపొద, కరివేపాకు వేసుకోవాలని ఇల్లు కట్టిన రోజు నుంచీ నాకు ఆశ. ఇప్పుడు అడుగు పెట్టే చోటు కూడా లేదు. ఇంకా అరవై మొక్కలున్నాయి. ఏం చేయమంటారు?" అని ఉత్తరం ముగించారు.

అమ్మా,

మీ అత్తగారికి చూపించడానికి తీర్పు కావాలన్నారు. దూరం విషయంలో మీ మాట సరైనదే. కానీ ఈ సమాధానాన్ని ఆవిడ ముందు పెట్టకండి. ఎందుకంటే మూరెడు ఎడం కావాలన్న సంగతి ఆవిడకు మీకన్నా, నాకన్నా ముందే తెలుసు. నాటిన రోజే ఆ మాట అన్నారని మీరే రాశారు. తెలిసిన మనిషి జానెడు ఎడంలో నాటారంటే చేతిలో ఉన్న నారులో ఒక్కటి కూడా పారేయలేకపోయారన్నమాట. పొలంలో నేల ఎక్కువ, నారు దానికి సరిపడా పోసుకుంటారు. ఇక్కడ నారు ఎక్కువైంది, నేల చాలలేదు. అందులోనూ అవి భర్త చేత్తో ఎండబెట్టి మూటకట్టిన గింజలు. మొలవవేమోనన్న భయంతో అన్నీ చల్లేశారు, అన్నీ మొలిచాయి. ఏ మొక్కను వద్దంటారు ఆవిడ?

పత్తికొండ ప్రాంతంలో టమాట అంటే కూరగాయ మాత్రమే కాదని మీకూ తెలుసు. ధర పడిపోయినప్పుడు కోత కూలి కూడా రాక పండును రోడ్డు పక్కన పారబోసిన రోజులున్నాయి. 2023 జులైలో కిలో వంద రూపాయలు ఎప్పుడో దాటిపోయి, చెట్టు మీదున్న ప్రతి కాయనూ లెక్కపెట్టుకున్న రోజులూ ఉన్నాయి. ఆ రెండింటి మధ్య బతికిన ఇంట్లో చేతిలోని మొక్కను పారేయడం అంత తేలికగా జరిగే పని కాదు.

ఇక మొక్కల సంగతి. మీరు రాసిన లక్షణాలన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. జానెడు ఎడంలో పెరిగిన టమాట వెలుతురు కోసం పక్క మొక్కతో పోటీపడి పైకి సాగుతుంది. కాండం లావెక్కదు. ఆకుల గుబురులోకి గాలి దూరదు. టమాట పువ్వు తన పుప్పొడితో తనే ఫలదీకరణ చెందుతుంది, అయితే గాలికో తేనెటీగకో ఆ పువ్వు కాస్త కదలాలి, పుప్పొడి పొడిగా ఉండి రాలాలి. ఊపిరాడని తేమలో పుప్పొడి ముద్దకడుతుంది, నీడలో మొక్కకు పిందెను నిలుపుకునే బలం ఉండదు. మీ పూత రాలడానికి ఇదే ముఖ్య కారణమని నా అంచనా. చలికాలపు చల్లదనం టమాటకు అనుకూలమే, తప్పు కాలానిది కాదు.

కింది ఆకుల మచ్చలను ఒకసారి దగ్గరగా చూడండి. కోసిన మొద్దు మీద కనిపించినట్టు ఒకదానిలో ఒకటి వలయాలు ఉంటే అది ఆకుమాడు తెగులు. దాని శిలీంధ్రం నేలలోనూ పాత ఆకుల మీదా ఉంటుంది. పైనుంచి పోసిన నీళ్లు నేలకు తగిలి చిందినప్పుడు కింది ఆకులకు అంటుకుంటుంది. ఆకు గంటల తరబడి తడిగా ఉంటేనే లోపలికి దిగుతుంది. సాయంత్రం తల మీద నుంచి పోసిన నీళ్లు అంత గుబురులో తెల్లవార్లూ ఆరవు. కాబట్టి ఒక్క మొక్కను కూడా తీయకుండానే చేయగలిగిన పని ఒకటుంది. నీళ్లు పొద్దున పూట, మొక్క మొదలు దగ్గర మాత్రమే పోయాలి. పైపొర ఆరిన తరువాతే మళ్లీ పోయాలి. నేలను తాకుతున్న ఆకులను తుంచేసి, మొదళ్ల చుట్టూ వరిగడ్డో ఎండుటాకులో రెండు అంగుళాల మందాన పరచాలి. దీనితో తెగులు వేగం తగ్గుతుంది. ఎవరి మనసూ నొప్పించకుండా ఈ వారమే మొదలుపెట్టవచ్చు.

చివుళ్లు పైకి ముడుచుకున్న ఆ అయిదు మొక్కల విషయం వేరు. అది తెల్లదోమ మోసుకొచ్చే ఆకుముడత వైరస్ లక్షణం. దానికి మందు లేదు. ఆ మొక్కలు కాయవు సరికదా, తెల్లదోమ వాటి రసం పీల్చి పక్క మొక్కల మీద వాలితే జబ్బు అక్కడికీ పాకుతుంది. ఆకులను మెల్లగా తట్టి చూడండి, తెల్లటి పొడిలా దోమలు లేస్తాయి. ఈ అయిదూ తీయాల్సిందే. పొద్దున్నే దోమలు మందకొడిగా ఉన్నప్పుడు మొక్క మీద సంచి కప్పి, మొదలు దగ్గర కోసి, సంచితో సహా తీసుకుపోవాలి. తరువాత లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు కలిపి ఆకుల అడుగు భాగం తడిసేలా పిచికారీ చేయండి. మడిలో రెండు పసుపు జిగురు అట్టలు కట్టినా మేలే. జబ్బు మొక్కను తీసేయడం రైతు ఇంట్లో కొత్త సంగతి కాదు. ఇది ఆవిడతో మాట్లాడటానికి మొదటి అవకాశం కూడా. అయితే ఆ మాట మీ నోటి నుంచి రావడానికి ముందు ఇంకో మాట రావాలి.

ఆ ఆదివారం జరిగినదానిలో రెండు పనులున్నాయి. మొక్కలు తగ్గించడం ఒకటి. ఆవిడ లేని సమయం చూసి తగ్గించడం, తగ్గించినవాటిని చెత్తబండిలో వేయడం రెండోది. మొదటిదానికి మీరు సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. రెండోది మాత్రం పొరపాటేనమ్మా. ఇదే మాట నా కూతురైనా అడిగితే ఇలాగే చెప్పేదాన్ని. "అత్తయ్యా, మొక్కల సంగతి తరువాత చూద్దాం. మీకు చెప్పకుండా తీయడం, చెత్తలో వేయడం నా తప్పు" అంటే చాలు. వెంటనే "కానీ మీరు కూడా" అని మొదలుపెడితే మొదటి మాట చెరిగిపోతుంది. ఆవిడ ఆ క్షణాన జవాబు చెప్పకపోవచ్చు. ముఖం తిప్పుకుని వంటింట్లోకి వెళ్లిపోవచ్చు. పదకొండు రోజుల మౌనం ఒక వాక్యంతో కరగాలని ఎదురుచూడకండి. రెండు మూడు రోజులు ఆగి, మడి దగ్గర ఆవిడ ఉన్నప్పుడు వెళ్లి, ముడత మొక్కలు చూపించి "వీటిని ఏం చేద్దాం?" అని అడగండి. జవాబు ఆవిడకు తెలుసు.

ఇక మిగిలిన మొక్కలకు నాకు కనిపిస్తున్న దారులు ఇవి.

ఏమీ తీయకుండా ఇలాగే వదిలేయడం ఒక దారి. దీన్ని తీసిపారేయకండి. ఇది మీ జీవనాధారం కాదు, ఒక్క పంట. నీళ్ల పద్ధతి మార్చి, కింది ఆకులు తుంచితే కొన్ని కాయలు వస్తాయి. అరవై మొక్కలు బతుకుతాయి గానీ కాపు పలచగానే ఉంటుంది, తెగులు ఆగదు. విత్తనం కోసం మంచి పండు దొరకడం కష్టం కావచ్చు. మామగారి విత్తనం నిలవాలన్నదే ఆవిడ కోరిక అయితే, అన్ని మొక్కలనూ ఉంచడం వల్ల ఆ కోరికకే నష్టం. ఈ సంగతిని ఎప్పుడో ఒకప్పుడు నెమ్మదిగా ఆవిడ ముందు ఉంచాలి.

రెండో దారి నాకు ఎక్కువ నచ్చినది. మీరు ఆరో సాలు తీశారు కదా. ఇప్పుడు అయిదు సాళ్లున్నాయి. రెండోదీ నాలుగోదీ తీస్తే ఒకటి, మూడు, అయిదు మిగులుతాయి. జానకు రెండింతలు మూర, అంటే సాలుకూ సాలుకూ ఆవిడ తన పొలంలో పెట్టిన మూరెడు ఎడం అదే వచ్చేస్తుంది. మొక్కకూ మొక్కకూ మధ్య జానెడు అలాగే ఉంటుంది, మిగిలేవి 36, అందులో ముడత మొక్కలు ఉంటే అవి పోను. ఇంత దగ్గరగా ఉన్నవి కాయాలంటే ఒక్కో మొక్కనూ ఒకే కాండంగా పెంచాలి. ఆకుకూ కాండానికీ మధ్య సందులో మొలిచే పక్కకొమ్మలను వేలెడు పొడవు దాటకముందే గిల్లేయాలి, ప్రతి మొక్కకూ ఊతకర్ర పాతాలి. పాత నూలు చీరను పీలికలుగా చించి, కర్రకు బిగించి, మొక్క చుట్టూ వదులుగా కట్టాలి. నైలాను దారం కాండాన్ని కోసేస్తుంది. పొద్దున పది గంటల వేళ పూత మీదున్న మొక్కల కర్రలను వేలితో తడితే పుప్పొడి రాలడానికి సాయపడుతుంది. ఇది వారానికి రెండుసార్లు చేయాల్సిన చాకిరీ. మీరు బడికి వెళ్లి వచ్చి చేయలేరు. ఆవిడ చేయగలరు, ఆవిడకు అలాంటి పని కావాలి కూడా అనుకుంటున్నాను. ఒప్పుకోకపోతే మాత్రం ఈ దారి ఎంచుకోవద్దు. గిల్లకుండా వదిలిన 36 మొక్కలు నెల తిరిగేసరికి మళ్లీ అడవే.

మూడోది, ఆ మూడు సాళ్లలోనూ మొక్క విడిచి మొక్క తీయడం. సాలుకు ఆరు చొప్పున 18 మిగులుతాయి, అన్ని వైపులా మూరెడు ఎడం. పక్కకొమ్మలు అన్నీ గిల్లనక్కర్లేదు, పని తక్కువ, ఒక్కో మొక్కకూ గాలీ వెలుతురూ నిండుగా అందుతాయి. వ్యవసాయం లెక్కన చూస్తే ఇదే మంచిది. కానీ ఇప్పుడున్న అరవైలో నలభై రెండు మొక్కలు ఆవిడ కళ్ల ముందు పోతాయి. ఇప్పటికిప్పుడు ఈ మాట ఎత్తితే మీరు రెండోదాన్ని కూడా పోగొట్టుకుంటారని నా భయం. ముందు సగానికి తగ్గించి, రెండు వారాల తరువాత ఏ మొక్క వెనకబడిందో చూసి, అవసరమైతే ఆవిడే తీసేలా వదిలేయవచ్చు. పెరిగిన తేడా కళ్లతో చూశాక రైతు చేతికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఏ దారిలో అయినా పీకవద్దు. మా పెరట్లో ఒకసారి ఒత్తుగా ఉన్న టమాట మొక్కను లాగితే పక్క మొక్క వేళ్లు జడపాయల్లా అల్లుకుని దానితోపాటే పైకి వచ్చాయి. మిగిలిన మొక్క మధ్యాహ్నానికి తల వాల్చేసింది. మీ అయిదో సాలు రెండు రోజులు వాడింది కూడా అందుకే. కత్తెరతో నేల మట్టానికి కోసేయండి. వేళ్లు మట్టిలోనే కుళ్లిపోతాయి.

మరి తీసిన మొక్కలు? ఇక్కడే మీ ఇద్దరికీ పనికొచ్చే సంగతి ఒకటి చెప్పాలి. యాభై రోజుల మొక్కను వేళ్లతో తవ్వి వేరే చోట నాటితే బతకడం కష్టం, మీ అత్తగారు నాటిన రెండూ అందుకే పోయాయి. కానీ టమాట కొమ్మకు వేళ్లు పుట్టే గుణం ఉంది. ఈ మొక్క కాండాన్ని మట్టిలో ఎంత లోతుకు పూడ్చినా అంతమేరా వేళ్లు వేస్తుంది. కోసే మొక్కల నుంచి తెగులు లేని చివరి కొమ్మలను జానెడు పొడవున తీసుకుని, పూతా కింది ఆకులూ తుంచి, సగం దాకా తడిమట్టిలో గుచ్చి నీడలో పెడితే వారం పది రోజుల్లో వేళ్లు పడతాయి. ముడత మొక్కల దగ్గరికి మాత్రం ఈ పనికి వెళ్లకండి, కొమ్మతోపాటు వైరస్ కూడా వస్తుంది. వేళ్లు పట్టినవాటిలో నాలుగో అయిదో మీ డాబా మీద పెట్టుకోవచ్చు. అడుగు లోతు, అడుగు వెడల్పుకు తగ్గని కుండీ కావాలి, కుండీకి ఒక్క మొక్కే. ఇరవై లీటర్ల పాత పెయింటు బకెట్టుకు అడుగున చిల్లులు పెట్టినా సరిపోతుంది. మిగతావి ఇరుగుపొరుగుకు ఇవ్వండి. ఎవరికి ఇవ్వాలో ఆవిడే చెప్పాలి, ఆవిడ చేత్తోనే ఇప్పించండి. కొత్త ఊళ్లో ఆవిడకు నాలుగిళ్లతో పరిచయం కావడానికి ఇంతకన్నా మంచి సాకు నాకు తోచడం లేదు. అన్ని కొమ్మలూ నిలవవని ముందే అనుకోండి. చెప్పకుండా ఉంటే వాడిన ప్రతి కొమ్మా ఆవిడకు ఆ రెండు మొక్కలనే గుర్తుచేస్తుంది.

విత్తనం గురించి ఆవిడను అడగండి, మీరు చెప్పవద్దు. నాటు రకం కాబట్టి, టమాట తన పుప్పొడితోనే కాస్తుంది కాబట్టి, గింజ నుంచి చాలావరకు తల్లి లాంటి మొక్కే వస్తుంది. ఒక్క మంచి పండులో వందకు పైగా గింజలుంటాయి. బాగా ఆరబెట్టి చల్లటి చోట దాస్తే మూడు నాలుగేళ్లయినా మొలుస్తాయి. జబ్బు లేని మొక్క మీద రెండో గుత్తిలోనో మూడో గుత్తిలోనో బాగా పండిన కాయకు ఒక దారం కట్టి ఉంచాలి. గుజ్జును గాజు గిన్నెలో రెండు మూడు రోజులు పులియబెట్టి, కడిగి, పళ్లెంలో నీడన ఆరబెడితే గింజ చుట్టూ ఉన్న జిగురు పోతుంది. బూడిదలో కలిపి ఆరబెట్టే మామగారి పద్ధతి ఆవిడకు వచ్చు, అదే చేయనివ్వండి. ఏ చెట్టు మీది పండు విత్తనానికి ఉంచాలో ఆవిడ ఎంచుకుంటే, మిగతా చెట్లను తీయడం గురించి మాట్లాడటం తేలికవుతుంది. ఒక చెట్టు నిలిస్తే వంశం నిలుస్తుందన్న సంగతి ఆవిడకు నేను చెప్పాల్సిన పని లేదు.

ఇప్పుడు మీ గురించి. ఉత్తరం చివర మల్లెపొద, కరివేపాకు అని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నాకు ఆ వాక్యం దగ్గరే ఎక్కువ బాధ కనిపించింది. రెండేళ్లు ఆశపడిన పెరడు ఒక్క నెలలో మీది కాకుండా పోయింది. అది చిన్న విషయం కాదు, అడగడానికి సిగ్గుపడాల్సింది అంతకన్నా కాదు. మీరు ఆరో సాలు తీసిన చోట గోడ వెంబడి జానెడుకు పైగా ఖాళీ ఉంది. కరివేపాకుకు అది చాలదు, చెట్టు పెరిగి మడికి నీడ పడుతుంది, దాన్ని గేటు వైపు వేసుకోండి. మల్లెను మాత్రం ఆ గోడ వారన నాటవచ్చు, టమాటతో దానికి పేచీ లేదు. బంతి నారు దొరికితే మడి చివర నాలుగు వేయండి. కాయతొలుచు పురుగు తల్లి రెక్కలపురుగు బంతిపూల మీద గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుంది, టమాట సాళ్ల మధ్య బంతి వేసే రైతులున్నది అందుకే. మడి ఆవిడది, గోడ వార మీది అని ఇద్దరూ ఒక మాట అనుకోండి. వచ్చే ఏడాది మడిలో టమాట, వంగ, మిరప మళ్లీ వెంటనే వేయకుండా చిక్కుడో గోంగూరో వేస్తే నేల తెగులు తగ్గుతుంది. అప్పుడు చోట్లు మార్చుకునే వీలూ ఉంటుంది.

మీ భర్తను పంచాయితీ చేయమని అడగవద్దు. ఊతకర్రలు తెచ్చి పాతమనండి. 36 కర్రలు పాతడానికి ఒక ఆదివారం పడుతుంది. ఆ పని తన తల్లి పక్కన నిలబడి చేస్తే చాలు.

కాలం విషయంలో మాత్రం కొంచెం తొందర అవసరం. మీ వైపు మార్చి వచ్చేసరికి పగటి ఎండ 35 డిగ్రీలు దాటుతుంది, ఆ వేడికి పుప్పొడి చెడి పూత నిలవదు. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి మీకున్న నెలలు. మొదటి రెండు వారాల్లో సగానికి తగ్గిస్తే సంక్రాంతి తరువాత ఆ పులుపు నాటు టమాటలు పప్పులోకి వస్తాయి. ఆవిడ ఇంకా ఒప్పుకోలేదంటే ఈ ఏడాది మొదటి దారితోనే సరిపెట్టుకోండి, ఇంకోసారి దొంగతనంగా కత్తెర పట్టకండి.

ముడత పడ్డ ఆ అయిదు మొక్కల దగ్గర మాత్రం ఇప్పటికే తెల్లదోమలు తిరుగుతూ ఉంటాయి. క్షమాపణ ఈ రాత్రే చెప్పండి.